రాళ్ళ బీడును చదవడం, అందులో గడ్డి మళ్ళీ నిలబెట్టడం ఎలా

గుంటూరు నుంచి నరసరావుపేట దాటి మాచర్ల వైపు వెళ్ళినా, విజయవాడ నుంచి కొండపల్లి మీదుగా మైలవరం వైపు వెళ్ళినా రోడ్డుకు అటూ ఇటూ రాళ్ళు తేలిన బీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. రికార్డుల్లో వాటికి బంజరు అనో గయాళు అనో మేత పోరంబోకు అనో పేర్లు. ఇలాంటి నేల చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని జేసీబీని పిలవడం. రాళ్ళు ఏరించి, ట్రాక్టరుతో దున్నించి, గుంతలు తీసి మొక్కలు నాటిస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి ఉన్న జానెడు మట్టి కూడా వాగులోకి పోతుంది, మొక్కలు ఎండిపోతాయి, ఆ ఖాళీలో సర్కారు తుమ్మ లేస్తుంది. అలా కాకుండా ముందు నేలను చదివి, తర్వాత అవసరమైనంత వరకే చెయ్యి పెట్టే పద్ధతి ఇది. అయిదెకరాల సొంత బీడు ఉన్న రైతుకైనా, ఊరి మేత భూమిని బాగు చేద్దామనుకునే వాళ్ళకైనా పనికొస్తుంది. అక్టోబరులో మొదలుపెట్టండి. గడ్డి కంకి మీద ఉంటుంది కాబట్టి ఏది ఏ గడ్డో తెలుస్తుంది, నేలలో కాస్త తేమ ఉంటుంది కాబట్టి గునపం దిగుతుంది.

ముందు కాగితం చూడండి

మీభూమి అనే ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి అడంగల్ (సాగు వివరాలు), 1బి (హక్కుదారు వివరాలు) రెండూ చూడండి. పట్టా మీదైతే ఇబ్బంది లేదు. మేత పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం లేకుండా ఒక్క రాయి కూడా కదపొద్దు. రిజర్వు ఫారెస్టు హద్దుకు ఆనుకుని ఉంటే సర్వేయరుతో హద్దు రాళ్ళు చూపించుకోండి, హద్దు దాటితే రాయి తెచ్చినా కొమ్మ కొట్టినా కేసే. మేత భూమి తగాదాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమంటే కట్టనని నిలబడి 1922లో పోలీసు కాల్పులకు బలైన కన్నెగంటి హనుమంతుది ఈ పల్నాడే. కాబట్టి ఊళ్ళో గొర్రెల కాపరులతో మాట్లాడటం కూడా కాగితం పనిలో భాగమే అనుకోండి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఇక మీద చెప్పబోయేదేదీ నిలబడదు.

కింద ఏ రాయి ఉందో తేల్చుకోండి

మన చుట్టుపక్కల బీళ్ళలో ముఖ్యంగా మూడు రకాలు. విజయవాడ చుట్టూ ఉన్నవి తూర్పు కనుమల రాళ్ళు, ఖోండలైట్, చార్నకైట్. ఖోండలైట్ మెత్తగా చివికి ఎర్రటి మట్టి అవుతుంది. చివికిన ముక్కను చేత్తో నలిపితే మధ్యలో ఎర్రటి గోమేదికపు గింజలు తగులుతాయి. చార్నకైట్ ముదురు రంగు, గట్టి రాయి. ఉల్లిపాయ పొరల్లా పెచ్చులు లేచి గుండ్రటి బండలుగా మిగులుతుంది. ఈ రెండింటి మీదా మట్టి ఎర్రగా, గరపగా ఉంటుంది, కొండ వాలు కిందికి వచ్చేకొద్దీ లోతు పెరుగుతుంది.

వినుకొండ వైపు గ్రానైటు, నైస్ అనే చారల రాళ్ళు. వాటి మీద పలుగురాళ్ళు కలిసిన గరుకు ఇసుక నేల ఉంటుంది, నీరు వెంటనే ఇంకుతుంది, అంత త్వరగానూ ఆరిపోతుంది.

మాచర్ల, పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు సున్నపురాయి, పలకరాయి. ఇళ్ళకు పరిచే నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు ఈ రాతి పుణ్యమే. ఇక్కడి చిక్కు వేరు. రాయి పొరలుగా పడుకుని ఉంటుంది, వేరు కిందికి పోవడానికి దారి ఉండదు. పొరల మధ్య పగుళ్ళలో మాత్రం నల్లటి మట్టి చేరి ఉంటుంది, చెట్టు అంటూ బతికితే అక్కడే.

రాయి చూసి తేల్చుకోలేకపోతే వెనిగర్ పరీక్ష చేయండి. ఎండిన మట్టిని మెత్తగా పొడి చేసి చెంచాడు తీసుకుని నాలుగు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోండి. చిటపటమంటూ నురగ లేస్తే అందులో సున్నం ఉన్నట్టు. మట్టిలో తెల్లటి గడ్డలు కనిపిస్తే గడ్డను కూడా పొడి చేసి చూడండి, ఒక్కోసారి మట్టి ఊరుకుంటుంది, గడ్డ పొంగుతుంది. సున్నపు నేలలో ఇనుము, జింకు వేరుకు అందవు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారితే కారణం అదే. ఈ నేలలో నిమ్మ, బత్తాయి పెట్టి, పసుపు తిరిగిందని యూరియా చల్లుకుంటూ పోయినా ఫలితం ఉండదు. అనుమానం ఉంటే అరకిలో మట్టి పట్టుకుని భూసార పరీక్షకు ఇవ్వండి. ఉదజని సూచిక (pH), సేంద్రియ కర్బనం, లవణాలు ఈ మూడూ చూపించుకుంటే బీడుకు చాలు.

గుంత తవ్వి, రాయినీ మట్టినీ విడదీసి కొలవండి

వాలు పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, మూడు గుంతలు తీయండి. ఒక్కోటి 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. గునపం ఠంగుమని ఆగే దాకా తవ్వండి, 45 సెంటీమీటర్లు దాటితే అక్కడ ఆపేయవచ్చు. చేత్తో రాళ్ళు తీయకండి. గునపంతో రాతిని మీ వైపుకు లాగండి, అలా అయితే లేచే సందు అవతలి పక్కకు ఉంటుంది. రాళ్ళ కింద తేళ్ళు, చిన్న పింజరి పాములు ఉండవచ్చు. కాళ్ళకు బూట్లు తప్పనిసరి.

తీసిన మట్టినంతా టార్పాలిన్ మీద పోసి, సుమారు రెండు మిల్లీమీటర్ల కన్నున్న జల్లెడతో జల్లించండి. గుంతలో పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి లీటరు మగ్గుతో నీళ్ళు పోస్తూ నిండే దాకా లెక్కపెట్టండి, అది గుంత ఘనపరిమాణం. జల్లెడ మీద మిగిలిన రాళ్ళను నిండు బకెట్లో వేసి, పొర్లిన నీటిని కింద టబ్బులో పట్టి కొలవండి, అది రాళ్ళ ఘనపరిమాణం. ఉదాహరణకు గుంత 22 లీటర్లు, రాళ్ళు 11 లీటర్లు అయితే సగం రాయి, సగమే మట్టి.

ఈ సగం అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది. లోతు 25 సెంటీమీటర్లు, అందులో సగం రాయి అంటే నిజంగా నీరు పట్టే మట్టి 12.5 సెంటీమీటర్లే. గరప మట్టి ప్రతి సెంటీమీటరుకు మొక్కకు అందే నీరు సుమారు 1.2 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది. మొత్తం కలిపితే 15 మిల్లీమీటర్లు. వానాకాలంలో వాన లేని రోజున నేల, ఆకులు కలిసి రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు ఆవిరి చేస్తాయి. అంటే ఎంత పెద్ద వాన పడినా ఈ నేలలో నిల్వ మూడు నాలుగు రోజులే. పైన పడ్డ మిగతా నీరంతా రాతి పగుళ్ళలోకో వాగులోకో పోతుంది. ఆగస్టులో పది రోజుల బెట్ట వచ్చిందంటే నాటిన మొక్క వాడిపోయేది అందుకే. గడ్డి దుబ్బు అయితే ఆకును ఎండబెట్టుకుని, మొదట్లో ప్రాణం పెట్టుకుని కూర్చుంటుంది, తడి తగిలితే వారంలో చిగురిస్తుంది. కాబట్టి మీ లెక్కలో నిల్వ 25 మిల్లీమీటర్ల లోపు వచ్చిన చోట గడ్డి, పొదల గురించే ఆలోచించండి. 50 దాటిన చోట చెట్లు పెట్టవచ్చు. మధ్యలో ఉన్న చోట ఇప్పటికే ఏం మొలుస్తోందో దాన్ని బట్టి నడవండి.

జల్లించిన మట్టి కొంచెం సీసాలో మూడో వంతు పోసి, నీళ్ళు నింపి, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. మొదటి నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక, రెండు గంటల్లో దాని మీద చేరేది ఒండ్రు, మర్నాటికి పైన పేరుకునేది బంకమట్టి. ఇసుక నాలుగింట మూడు వంతుల పైన ఉంటే పై లెక్కలో 1.2 బదులు 0.8 వేసుకోండి.

నీరు ఎంత సేపట్లో ఇంకుతుందో చూడండి

15 సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ పైపు ముక్కను ఒక జానెడు పొడవు కోసి, నేలలోకి నాలుగు వేళ్ళ లోతు దిగగొట్టండి. రాయి అడ్డొస్తే బలవంతం చేయకండి, నేల పగిలిపోయి లెక్క తప్పుతుంది. పక్కకు జరగండి, లేదా అంచు చుట్టూ బంకమట్టి మెత్తండి. లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి 450 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, కాగితాన్ని మెల్లగా లాగేయండి. ఇది నేలపై ఒక అంగుళం వానతో సమానం. మొదటిసారి నేలను తడపడానికి, రెండోసారి పోసిందే లెక్క. పది నిమిషాల్లో ఇంకితే పై పొర బాగున్నట్టు. అరగంట దాటితే పైన చెక్కు కట్టినట్టు, లేదా పశువుల డెక్కలతో గట్టిపడినట్టు.

ఇదే పరీక్షను దుబ్బు మొదట్లో ఒకసారి, దుబ్బుల మధ్య బోసి నేల మీద ఒకసారి చేయండి. తేడా చూశాక గడ్డి మీద గౌరవం దానంతటదే వస్తుంది.

రాళ్ళ గురించి కూడా ఇక్కడే ఒక మాట. పైన వదులుగా పడి ఉన్న రాయి నేస్తమే. అరచేతి వెడల్పు రాయిని ఉదయం పూట తిప్పి చూడండి. కింద మట్టి చల్లగా, చిన్న చిన్న రవ్వలుగా ఉంటుంది, తెల్లటి సన్నని వేళ్ళు రాతి అడుగును పట్టుకుని ఉంటాయి, చీమలు గుడ్లు మోసుకుంటూ పరుగెడతాయి. అదే రాతికి బెత్తెడు దూరంలో నేల అట్టలా బిగుసుకుని, గోరుతో గీకితే పెచ్చు లేస్తుంది. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టకుండా రాయి ఆపింది, దాని అంచు నుంచి జారిన నీరు కిందికి దిగింది. అయితే చెక్కులో సగం కూరుకుపోయిన రాయి కథ ఇందుకు వ్యతిరేకం. చుట్టూ మట్టి మూసుకుపోయి నీటిని దొర్లించేస్తుంది. కాబట్టి రాళ్ళు ఏరి గట్టున పోయడం కాదు, కూరుకున్న వాటిని వర్షాలకు ముందు గునపం మొనతో కదిపి వదులు చేస్తే చాలు. పిడికిలి కంటే చిన్నవాటిని అసలు ముట్టుకోవద్దు.

తాడు పరిచి మొక్కల్ని లెక్కపెట్టండి

30 మీటర్ల నైలాన్ తాడుకు ప్రతి 30 సెంటీమీటర్లకు ఎర్ర రంగు గుర్తు పెట్టండి, వంద గుర్తులు వస్తాయి. వాలుకు అడ్డంగా తాడు లాగి, రెండు చివర్లా ఇనుప చువ్వలు పాతి వదిలేయండి, వచ్చే ఏడు మళ్ళీ అదే చోట కొలవాలి. ప్రతి గుర్తు కింద నేలకు తగిలేది ఏదో రాసుకోండి: బహువార్షిక (ఏళ్ళ తరబడి బతికే) గడ్డి మొదలు, ఏకవార్షిక (ఒక్క ఏడే బతికే) గడ్డి, వెడల్పాకు మొక్క, పొద, రాలిన ఆకు, వదులు రాయి, కూరుకున్న రాయి, బోసి మట్టి. అయిదెకరాలకు ఇలాంటి తాళ్ళు నాలుగు చాలు. ఎక్కడ పరవాలో మీకు నచ్చిన చోటు ఎంచుకోకండి, బాగున్న చోటే కళ్ళు పోతాయి. గట్టు మీద నుంచి వెనక్కి తిరిగి రాయి విసిరి, అది పడ్డ చోట మొదలుపెట్టండి.

బహువార్షికమో కాదో తెలియకపోతే పట్టి లాగండి. ఏకవార్షికం రెండు వేళ్ళకే వేళ్ళతో సహా ఊడి వస్తుంది. బహువార్షికం ఊడదు, మొదట్లో పాత ఆకుల తొడుగులు గోధుమ రంగులో పొరలు పొరలుగా ఉంటాయి.

వందలో 30కి పైగా బహువార్షిక గడ్డి మొదళ్ళు తగిలితే మీ బీడు బాగుంది, మేత సర్దితే చాలు, ఇంకేమీ చేయకండి. 10 నుంచి 30 మధ్య ఉంటే రెండు వానాకాలాల విశ్రాంతి అవసరం, విత్తనం పెద్దగా అక్కర్లేదు. 10 లోపు ఉండి బోసి మట్టి 40 దాటితే విశ్రాంతి, రాతి కట్టలు, విత్తనం మూడూ కావాలి. ఈ అంకెలు శాసనం కాదు, పనికి పూనుకోవడానికి ఉజ్జాయింపు కొలతలు.

ఏ మొక్కలున్నాయో కూడా చూడాలి. 1973లో దేశంలోని గడ్డి నేలలను వర్గీకరించినప్పుడు దక్షిణ పీఠభూమిని సెహిమా, డైకాంథియం గడ్డి రకంలో చేర్చారు. ఈ రెండూ మీ బీడులో ఉంటే సంతోషించండి. సెహిమాకు కాడకు ఒకటే కంకి. డైకాంథియం యాన్యులేటంను కణుపుల చుట్టూ ఉంగరంలా ఉండే తెల్లటి నూగుతో పోల్చుకోవచ్చు. పశువులు వీటినే ముందు వెతుక్కుని తింటాయి, అందుకే ముందు పోయేవీ ఇవే.

వీటి తర్వాత మిగిలేది హెటెరోపోగాన్ కంటార్టస్ అనే ముల్లుగడ్డి. లేతగా ఉన్నప్పుడు మంచి మేత. కంకి ముదిరాక గింజ తోకలు నల్లగా మెలికలు తిరిగి జడలా అల్లుకుంటాయి. ఒక గింజను అరచేతిలో పెట్టుకుని నీటి చుక్క వేసి చూడండి, తోక దానంతటదే మెలి విప్పుకుంటూ తిరుగుతుంది, మొన చర్మంలోకి గుచ్చుకుంటుంది. నేలలోకి దిగడానికి దానికి ఉన్న ఏర్పాటు అది. గొర్రె చర్మంలో కూడా అలాగే దిగుతుంది, పుండ్లు పడతాయి. కాబట్టి ముల్లుగడ్డి ఎక్కువున్న బీడులో పూతకు ముందు మేపాలి, లేదా గింజంతా రాలాక మేపాలి, మధ్యలో గొర్రెలను దించకూడదు.

ముల్లుగడ్డి కూడా పోయి చీపురు గడ్డి, నలిపితే నిమ్మ వాసన వేసే సింబోపోగాన్ గడ్డి మాత్రమే మిగిలితే మేత మితిమీరినట్టు. ఇంకా దిగజారితే తంగేడు, వెంపలి, జిల్లేడు. తంగేడునూ వెంపలినీ పీకేయకండి. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టే అవి నిలిచాయి, వాటి నీడలో మట్టి చేరుతుంది, గడ్డి గింజ ముందుగా మొలిచేది కూడా వాటి మొదట్లోనే. పైగా వెంపలి పప్పు జాతి మొక్క, వేరు బుడిపెల్లో నత్రజని పెడుతుంది. బలుసు, కలివి, గొట్టి, పరిమి, నేలరేగు లాంటి ముళ్ళ పొదలూ అంతే, వేప, పాలకొడిసె మొక్కలకు మేకల నుంచి కాపలా కాసేవి అవే. బందారు పొద గరుసు వాలుల మీద గుంపుగా ఉంటే ఆ వాలు కోతను అదే ఆపుతోందని అర్థం.

ఏవి తీసేయాలి

తీయాల్సినవి ప్రధానంగా మూడు. సర్కారు తుమ్మ, లంటానా, వయ్యారిభామ. మూడూ బయటి దేశాల నుంచి వచ్చినవే.

సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే ఒక్క కాండం పోయి పది లేస్తాయి. మొగ్గలన్నీ నేల కింద మొదట్లో ఉంటాయి. మొదలు చుట్టూ మట్టి తీసి జానెడు లోతున, కాండం పోయి వేరు మొదలయ్యే చోట నరకాలి. వాన పడి నేల మెత్తబడిన వారంలో ఈ పని పెట్టుకోండి. వాలు మీద అన్నీ ఒకే ఏడాది తీసేస్తే నేల బోసిపోతుంది, అడ్డంగా పట్టీలుగా మూడేళ్ళలో తీయండి. నరికిన కంపను కాల్చకండి, తర్వాత పనికొస్తుంది. కాయలు రాలే ఏప్రిల్, మే, జూన్‌లలో తుమ్మ చెట్ల కింద మేసిన మందను నేరుగా బాగు చేస్తున్న బీడులోకి తోలితే, పేడలోనూ పెంటికల్లోనూ గింజలు వచ్చి మళ్ళీ మొలుస్తాయి. మందను నాలుగైదు రోజులు వేరే చోట ఉంచి తీసుకురండి.

వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి, దురద, ఆయాసం రెండూ తెస్తుంది. పూత వచ్చాక పీకి గట్టు మీద వేస్తే గింజ అక్కడే రాలుతుంది. లంటానాను మొదలు కింద వేరు కోసి, తల్లకిందులుగా పొద మీదే వేలాడేయండి, నేల తగిలితే కణుపు దగ్గర వేళ్ళు పుడతాయి. పశువులు తింటే కాలేయం దెబ్బతింటుంది, కోసిన ఆకును మేతలో కలవనివ్వకండి.

విశ్రాంతి

రాళ్ళ బీడుకు మీరు ఇవ్వగలిగిన వాటిలో ఇంతకంటే విలువైనది లేదు, ఖర్చు లేనిది కాబట్టి ఎవరికీ నమ్మకం కుదరదు. జూన్ నుంచి డిసెంబరు వరకు మేత పూర్తిగా ఆపాలి, వరుసగా రెండేళ్ళు. అయిదెకరాలూ ఒకేసారి మూసేస్తే ఊరితో గొడవ, కాబట్టి మూడో వంతు చొప్పున మూయండి. తుమ్మ కంపను మొదళ్ళు బయటికి, కొమ్మలు లోపలికి కాకుండా, కొమ్మలు బయటికి పెట్టి కంచె కట్టండి. మంద నీళ్ళకు పోయే దారి మాత్రం మూయకండి, మూస్తే వారంలో కంచె తెగుతుంది.

మాఘం నుంచి గడ్డికి నిప్పు పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. కాలిన చోట పచ్చటి చిగురు త్వరగా వస్తుంది నిజమే, కానీ లేత చెట్లూ రాలిన ఆకూ పోయి నేల వేసవంతా బోసిగా ఎండకు పడి ఉంటుంది. జనవరి నెలాఖరుకల్లా బీడు చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోసి నిప్పు అడ్డు పట్టీ తీయండి. కోసిన గడ్డి మేతకే పోతుంది, కూలి తిరిగొచ్చినట్టే.

రాతి కట్టలు

వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో గీత గుర్తు పెట్టడానికి తాపీ మేస్త్రీలు వాడే లెవల్ ట్యూబు, పది పన్నెండు మీటర్లది, ఇద్దరు మనుషులు చాలు. ట్యూబులో గాలి బుడగ ఉంటే మట్టం తప్పుతుంది, నీళ్ళు నింపాక రెండు చివర్లూ పక్కపక్కన పెట్టి సరి చూసుకోండి. వాలు ఒక మీటరు దిగినప్పుడల్లా ఒక వరుస, అంటే వందకు అయిదు దిగే వాలులో 20 మీటర్లకు ఒకటి, వందకు పది దిగితే 10 మీటర్లకు ఒకటి.

గుర్తు పెట్టిన గీత మీద బెత్తెడు లోతు, రెండడుగుల వెడల్పు చెక్కి, పెద్ద రాళ్ళు అడుగున, వాలు కింది వైపున పేర్చండి. పై వైపున చిన్న రాళ్ళు, గరుసు పోయండి. ఎత్తు అడుగుకు మించొద్దు. రెండు చివర్లనూ కొంచెం పైకి తిప్పండి, లేకపోతే నీళ్ళు చివరి నుంచి మళ్ళి కొత్త గండి తెస్తాయి. సిమెంటు వద్దు, మట్టి మెత్తడం వద్దు, నీరు ఆగి ఆగి జారిపోవాలి, ఒండ్రు మాత్రం నిలవాలి. దీనికి రాళ్ళు వాలు మీద నుంచి ఊడబెరకకండి, పాత గట్ల మీద, వాగులో దొరికే వాటినే వాడండి. చేతికి రాయి చాలకపోతే సర్కారు తుమ్మ కంపను అదే గీత మీద పరిచి రాళ్ళతో అణచండి, రెండు మూడేళ్ళు ఆగుతుంది, ఈలోగా గడ్డి పట్టుకుంటుంది.

గండి పడిన చోట రాతి అడ్డుకట్ట వేసేటప్పుడు నడిమి భాగం పక్కల కంటే జానెడు తక్కువ ఉండాలి, రెండు ఒడ్లలోకీ అడుగున్నర లోపలికి రాళ్ళు దూర్చాలి. ఎక్కువ కట్టలు కొట్టుకుపోయేది నడుము ఎత్తుగా, ఒడ్డు పల్చగా కట్టడం వల్లే. కందకాల విషయంలో మా అభిప్రాయం ఒక్కటే: లోతు 30 సెంటీమీటర్లు లేని నేలలో కందకం తవ్వడం అంటే ఉన్న మట్టిని రాతి మీద నుంచి లేపేయడమే, ఉపాధి హామీ పనుల్లో వచ్చినా సరే ఆ వాలు మీద వద్దనండి, రాతి కట్టలు అడగండి.

విత్తనం

మీ బీడులోనో, పక్క గుట్ట మీదో దుబ్బులు మంచిగా ఉన్న చోట అక్టోబరు, నవంబరుల్లో కంకులు దూసుకోండి. చేతిలో కంకి రాసినప్పుడు సులువుగా రాలితే పండినట్టు. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పెట్టండి. కొత్త గడ్డి గింజలకు నిద్ర ఉంటుంది, అప్పుడే చల్లితే మొలవవు, వేసవి దాటితే మొలుస్తాయి. స్థానిక విత్తనం దొరకకపోతే అంజన్ గడ్డి ఎకరాకు రెండు కిలోలు. పప్పు జాతిగా స్టైలో అనే మేత మొక్క విత్తనం చల్లవచ్చు, అది మన దేశపు మొక్క కాకపోయినా రాతి నేలలో నిలుస్తుంది. ఎకరాకు నాలుగు కిలోలు. దాని గింజ పెంకు గట్టిది, 80 డిగ్రీల నీటిలో నాలుగు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, ఆరబెట్టి చల్లండి. మరుగుతున్న నీటిలో వేస్తే గింజ ఉడికిపోతుంది.

తోకలున్న గడ్డి గింజలు గాలికి ఎగిరిపోతాయి. ఒక పాలు గింజ, మూడు పాళ్ళు జల్లించిన బంకమట్టి, ఒక పాలు పేడ, ఒక పాలు ఇసుక తడిపి శనగ గింజంత ఉండలు చేసి ఆరబెట్టండి. జూన్ నెలాఖరులోనో జూలైలోనో నేల జానెడు తడిసిన వాన పడ్డాక, కట్టల పై వైపున, వదులు రాళ్ళ సందుల్లో, తంగేడు మొదళ్ళలో వేయండి. సెంటీమీటరు కంటే లోతు పోకూడదు. బోసి చెక్కు నేల మీద ముందు గొర్రు పళ్ళతో గీతలు గీయకుండా చల్లితే అది చీమలకు పెట్టినట్టే.

చెట్లు కావాలంటే

నాటడానికి ముందు వెతకండి. నరికినా మేసినా చావని మొదళ్ళు ఈ బీళ్ళలో దండిగా ఉంటాయి: చండ్ర, చిరుమాను, తునికి, ఊడుగ, పాలకొడిసె, మోదుగ. మోకాలెత్తు పొదలా కనిపించే దానికి కింద ముంజేయంత వేరు ఉండవచ్చు. డిసెంబరులో ఒక్కో మొదలుకు బలమైన రెండు పిలకలు ఉంచి మిగతావి కోసేయండి, చుట్టూ ముళ్ళ కంప పెట్టండి. మరుసటి ఏడు ఒక్కటే ఉంచండి. రూపాయి ఖర్చు లేకుండా ఇవి ఎదిగే వేగానికి నర్సరీ మొక్క ఏదీ సాటి రాదు. గడ్డికి వెలుతురు కావాలి కాబట్టి ఎకరానికి ముప్పై నలభై చెట్లు చాలు. కొండపల్లి గుట్టల దగ్గర తెల్లపొణికి మొక్క కనబడితే తప్పకుండా కాపాడండి, బొమ్మల చెక్కకు ఆ మెత్తటి కర్రే ఆధారం, అది తగ్గిపోతోంది.

మేత మళ్ళీ ఎప్పుడు, ఎంత

రెండో ఏడు డిసెంబరులో చదరపు మీటరు చట్రం ఒకటి చేసుకుని పది చోట్ల విసరండి. లోపలి మేత గడ్డిని బెత్తెడు లోపు ఎత్తులో కోసి, ఎండబెట్టి తూకం వేసి సగటు తీయండి. చదరపు మీటరుకు 100 గ్రాములు వస్తే ఎకరాకు సుమారు 400 కిలోల ఎండుమేత. అయిదెకరాలకు 2,000 కిలోలు, అందులో సగం నేలకు వదలాలి. మిగిలిన 1,000 కిలోలే మీది. ముప్పై కిలోల గొర్రె రోజుకు కిలో ఎండుమేత తింటుందనుకుంటే ఇరవై గొర్రెలకు యాభై రోజులు. మాచర్ల గొర్రెలు బరువెక్కువ కాబట్టి రోజులు ఆ మేరకు తగ్గించుకోండి. రోజులు అయిపోయాక గడ్డి ఇంకా కనిపిస్తున్నా మందను బయటికి తోలండి.

మేకల లెక్క వేరు, అవి గడ్డి కంటే పొదలూ పిలకలూ చూస్తాయి. మీరు వదిలిన చండ్ర పిలకలు మేక మూతి ఎత్తు, అంటే సుమారు అయిదడుగులు, దాటే దాకా మేకలను ఈ బీడులోకి రానివ్వకండి. వానలు సరిగా పడని ఏడాది డిసెంబరు తూకం 40 గ్రాముల లోపు వస్తే ఆ ఏడు ఎవరినీ దించకుండా మూసి ఉంచండి, మందకు వరిగడ్డో జొన్నచొప్పో కొని వేయండి.